మూడు తెరలు పెట్టినా ఆకాశం ఎందుకు వంకరపోతుంది? ఇంటి ఫ్లైట్ సిమ్యులేటర్ లెక్కలు

క్లుప్తంగా: ఇంట్లో మూడు తెరల ఫ్లైట్ సిమ్యులేటర్ (కంప్యూటర్ తెరల మీద విమానం నడపడం అలవాటు చేసుకునే ఏర్పాటు) కుదురుతుందా లేదా అన్నది తెర సైజు కన్నా కంటికీ తెరకీ మధ్య దూరం మీద ఎక్కువ ఆధారపడుతుంది. దూరం తేలితే కోణం తేలుతుంది. కోణం తేలితే సాఫ్ట్‌వేర్, గ్రాఫిక్స్ కార్డు, ఫ్రేము ఏవి కావాలో తెలుస్తుంది. కొనుగోళ్లు మాత్రం సాధారణంగా దీనికి తలకిందులుగా సాగుతాయి. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో కరెంటు, ఉప్పు గాలి, ఇంటర్నెట్ అనే మరో మూడు చిక్కులు వీటికి తోడవుతాయి.

ఈ ఆసక్తి ఎక్కడిది

భోగాపురం దగ్గర అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయానికి 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మేలో మరోసారి శంకుస్థాపన జరిగింది. రన్‌వే పొడవు 3,800 మీటర్లు. శ్రీకాకుళం ఎంపీ 2024 జూన్‌లో కేంద్ర పౌర విమానయాన మంత్రి అయ్యారు. విమానమంటే విశాఖ వెళ్లి ఎక్కేదిగానే తెలిసిన ప్రాంతంలో ఇప్పుడు పైలట్ చదువు గురించీ, ఇంట్లో సిమ్యులేటర్ గురించీ మాటలు వినబడుతున్నాయి.

ఒక అపోహను ముందే తీసేయడం మంచిది. కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 200 గంటల ఫ్లయింగ్ కావాలి. ఇంటి సిమ్యులేటర్‌లో వెయ్యి గంటలు ఎగిరినా అందులో ఒక్క గంట కూడా జమ కాదు. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆమోదించిన శిక్షణ పరికరాల సంగతి పూర్తిగా వేరు. ఇంటి సెటప్ వల్ల చెక్‌లిస్టు క్రమం, పరికరాలు చదవడం, రేడియో నావిగేషన్, సర్క్యూట్ (రన్‌వే చుట్టూ తిరిగి దిగే బాట) ఆకారం అలవాటవుతాయి. ఒంటికి తెలిసే ఊపు, రడ్డర్ (తోక చుక్కాని) మీద నిజమైన బరువు మాత్రం రావు.

రెండో అపోహ ఖరీదైనది. ఒక తెర బాగుంది కాబట్టి మూడు తెరలు మూడింతలు బాగుంటాయని అనుకోవడం. గది కొలవకుండా, కుర్చీ ఎక్కడుంటుందో తేలకుండా మూడు టీవీలు ఇంటికి వచ్చేస్తాయి. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

అసలు కొలత: కోణం

తెర ఒక కిటికీ. కిటికీకి దగ్గరగా నిలబడితే బయటి దృశ్యం ఎక్కువ కనబడుతుంది, వెనక్కి జరిగితే తగ్గుతుంది. తెర వెడల్పులో సగాన్ని కంటి దూరంతో భాగించి, వచ్చిన సంఖ్యకు ఫోన్ క్యాలిక్యులేటర్‌లో టాన్ ఇన్వర్స్ నొక్కి, రెండుతో గుణిస్తే ఆ తెర నిజంగా ఎన్ని డిగ్రీల కిటికీయో తెలుస్తుంది.

27 అంగుళాల మానిటర్ వెడల్పు 59.8 సెం.మీ. దాన్ని 70 సెం.మీ. దూరంలో పెడితే 46 డిగ్రీలు వస్తుంది. 32 అంగుళాలదైతే అదే దూరంలో 54 డిగ్రీలకు కొంచెం తక్కువ. 43 అంగుళాల టీవీ (వెడల్పు 95.2 సెం.మీ.) 80 సెం.మీ. దూరంలో 61.5 డిగ్రీలు ఇస్తుంది. 55 అంగుళాల టీవీని మీటరు దూరంలో పెట్టినా 63 డిగ్రీల లోపే. అంటే 43 అంగుళాల తెరలో వచ్చిన దృశ్యమే కాస్త దూరం నుంచి, ఎక్కువ చోటు తింటూ, ఎక్కువ కరెంటు కాలుస్తూ వస్తుంది. పెద్ద తెరకు లాభం ఒకటే: కన్ను దూరాన్ని చూస్తున్నట్టు కాస్త సడలుతుంది. ఎక్కువ సేపు ఎగిరేవారికి అది చిన్న సంగతేమీ కాదు.

ఈ కోణం ఎందుకు ముఖ్యమంటే, 46 డిగ్రీల కిటికీలో సాఫ్ట్‌వేర్ 80 డిగ్రీల దృశ్యాన్ని కుదించి చూపిస్తే అన్నీ నిజం కన్నా చిన్నగా కనబడతాయి. రన్‌వే ఇంకా దూరంగా ఉన్నట్టు అనిపిస్తుంది, నేల దగ్గరపడే వేగం అందదు. ఒక్క తెర మీద ల్యాండింగ్ అలవాటైనవారు ముక్కు ఎత్తే క్షణాన్ని తప్పడానికి ఒక కారణం ఇదే. మూడు తెరల అసలు ప్రయోజనం దృశ్యాన్ని కుదించకుండా పక్క చూపును తేవడం.

43 అంగుళాలవి మూడు కలిస్తే దాదాపు 185 డిగ్రీలు, అంటే ముక్కుకు అటూ ఇటూ 92. సర్క్యూట్‌లో డౌన్‌విండ్ (రన్‌వేకు సమాంతరంగా ఎదురు దిశలో పోయే దారి) వెంట ఎగురుతున్నప్పుడు రన్‌వే సరిగ్గా భుజానికి పక్కన, 90 డిగ్రీల దగ్గర కనబడుతుంది. బేస్‌కు (దిగేముందు రన్‌వేకు అడ్డంగా పోయే దారికి) తిరిగే చోటు మాత్రం రన్‌వే మొదలు భుజం వెనక్కి పోయి 135 డిగ్రీల దగ్గరికి వచ్చినప్పుడు. అది ఏ మూడు తెరల సెటప్‌లోనూ కనబడదు. దానికి యోక్ (విమానం తిప్పే చేతి చక్రం) మీది చూపు తిప్పే మీట తప్పదు.

సాగిన బొమ్మ

మూడు తెరలు పెట్టాక ఎక్కువగా వినిపించే ఫిర్యాదు: పక్క తెరల్లో రెక్క సాగిపోయింది, చెట్లు బల్లపరుపుగా అయిపోయాయి. లోపం తెరలో ఉండదు. మూడింటినీ కలిపి ఒకే పొడవాటి తెరగా చూపించే పద్ధతిలో ఉంటుంది. ఎన్విడియాలో దీన్ని సరౌండ్ అంటారు, ఏఎండీలో ఐఫినిటీ. సిమ్యులేటర్‌కు తెలిసేది ఒక్కటే వెడల్పాటి తెర. దాని మీద ఒకే కెమెరా బొమ్మ గీస్తుంది, ఆ బొమ్మ చదునైన గోడ మీద పడుతున్నట్టు. నడిమి నుంచి పక్కకు జరిగేకొద్దీ ఆ గోడ మీద బొమ్మ సాగుతుంది. 30 డిగ్రీల దగ్గర 1.33 రెట్లు, 60 డిగ్రీల దగ్గర 4 రెట్లు, 70 డిగ్రీల దగ్గర 8.5 రెట్లు. 90 డిగ్రీలకు ఆ లెక్కే నిలవదు. కాబట్టి ఒకే కెమెరాతో 180 డిగ్రీలు రాబట్టడం అసాధ్యం, 120 దాటితే అసహ్యం.

మందు ఒక్కటే. తెరకొక కెమెరా. నడిమిది సూటిగా, ఎడమది ఎడమకు తిరిగి, కుడిది కుడికి తిరిగి. తెరలు కూడా అదే కోణంలో కంటి వైపు తిరిగి ఉండాలి. ఎక్స్-ప్లేన్ 12లో ఈ సదుపాయం మొదటి నుంచీ ఉంది. ఒక్కో మానిటర్‌కూ దృశ్య కోణం ఎంత, పక్కకు ఎన్ని డిగ్రీలు తిరగాలి అని విడిగా అడుగుతుంది. ఉచితంగా దొరికే ఫ్లైట్‌గేర్‌లో కూడా చేయవచ్చు, కాకపోతే సెట్టింగుల ఫైలును చేత్తో రాసుకోవాలి. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో 2022 నుంచి అదనపు కిటికీలు తెరిచే వీలు ప్రయోగాత్మకంగా వచ్చింది. అయితే అందులో కాక్‌పిట్ చూపును జూమ్ శాతంలో అడుగుతారు, డిగ్రీల్లో కాదు. కొలిచిన కోణాన్ని నేరుగా ఎక్కించే దారి లేక అంచులు కలిసేదాకా తిప్పుకుంటూ పోవాలి.

పై 43 అంగుళాల ఉదాహరణకు ఎక్స్-ప్లేన్ అంకెలు ఇలా వస్తాయి. ఒక్కో తెర దృశ్య కోణం 61.5. తెర చుట్టూ ఉన్న నల్లటి అంచు ఒక సెంటీమీటరు అనుకుంటే, పక్క తెర తిప్పాల్సిన కోణం 62.5. ఎడమకు మైనస్, కుడికి ప్లస్. ఆ ఒక్క డిగ్రీ తేడాయే అంచు వెనక దాగిన దృశ్యం. దాన్ని వదిలేస్తే రెక్క చివర ఒక తెరలోంచి ఇంకో తెరలోకి గెంతినట్టు ఉంటుంది.

భారం ఎవరి మీద

తెర సైజుకూ గ్రాఫిక్స్ కార్డు భారానికీ సంబంధం లేదు. భారం పిక్సెళ్లది. 1920×1080 తెరలు మూడు కలిపితే 62 లక్షల పిక్సెళ్లు. ఒక్క 4కే తెరలో 83 లక్షలు. అంటే మూడు మామూలు తెరల కన్నా ఒక్క 4కే టీవీయే బరువు. 2560×1440 తెరలు మూడైతే కోటీ 10 లక్షలు. 4కే తెరలు మూడైతే దాదాపు రెండు కోట్ల 49 లక్షలు. మూడు 4కే తెరలను నిండుగా నడపాలంటే అత్యంత ఖరీదైన కార్డూ ఆయాసపడుతుంది.

ఇప్పుడు దొరికే 43 అంగుళాల టీవీలు ఎక్కువగా 4కేవే. వాటిని 1080కి దింపి వాడటం తప్పేమీ కాదు. ఒక్కో పిక్సెల్ సరిగ్గా నాలుగు గడుల్లో పరుచుకుంటుంది కాబట్టి బొమ్మ మసకబారదు. 80 సెం.మీ. నుంచి డిగ్రీకి 31 పిక్సెళ్లు వస్తాయి. కొండలకు, రన్‌వేకు అది చాలు. ఆల్టిమీటర్ మీది సన్న అంకెలకు చాలదు. పరికరాలకు వేరే తెర పెట్టడం అందుకే, ఆడంబరానికి కాదు.

ప్రాసెసర్ కథ వేరు. తెరకొక కెమెరా పెట్టినప్పుడు ఏ చెట్టు కనబడాలి, ఏ ఇల్లు గీయాలి అన్న పని మూడుసార్లు జరుగుతుంది. అది చాలావరకు ఒకటి రెండు కోర్ల మీదే పడుతుంది. 16 కోర్ల ప్రాసెసర్ కొని ఫలితం లేదని వాపోవడానికి కారణం ఇదే. ఇక్కడ పనికొచ్చేది పెద్ద క్యాష్, అంటే ప్రాసెసర్ లోపలే ఉండే వేగపు మెమరీ. 96 ఎంబీ ఎల్3 క్యాష్ ఉన్న రైజెన్ 7 5800ఎక్స్3డీ (2022), 7800ఎక్స్3డీ (2023), 9800ఎక్స్3డీ (2024) సిమ్యులేటర్ వాడేవారి నోళ్లలో నానడం ఊరికే కాదు. ర్యామ్ 32 జీబీ, గ్రాఫిక్స్ మెమరీ 12 జీబీ కన్నా తగ్గితే మూడు తెరల పని కష్టం. 16 జీబీ ఉంటే నిశ్చింత.

వేగం సెకనుకు 60 ఫ్రేములు ఉండాలన్న పట్టుదల అనవసరం. 60కీ 38కీ మధ్య ఊగే బొమ్మ కన్నా 30 దగ్గర కట్టేసిన బొమ్మ కంటికి నున్నగా ఉంటుంది. 60 హెర్ట్జ్ తెర మీద ప్రతి ఫ్రేమూ సరిగ్గా రెండేసి సార్లు పడుతుంది.

టీవీలు తగిలించేటప్పుడు

ఇక్కడ చిక్కు చాలా చిన్నది, రోజంతా తినేది. గ్రాఫిక్స్ కార్డుల వెనక సాధారణంగా మూడు డిస్‌ప్లేపోర్టులు, ఒక హెచ్‌డీఎంఐ ఉంటాయి. టీవీలకు ఉండేవి హెచ్‌డీఎంఐలే. కాబట్టి కనీసం రెండు టీవీలకు డిస్‌ప్లేపోర్టు నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే అడాప్టర్లు కావాలి. ఏ పెట్టెలోంచో తీసిన పాత అడాప్టర్ 4కేను 60 హెర్ట్జ్‌లో మోయలేక 30కి పడిపోతుంది. అప్పుడు ఒక తెర మిగతావాటి కన్నా వెనకబడి, మలుపులో దృశ్యం చిరిగినట్టు ఉంటుంది. యాక్టివ్ అడాప్టర్లు, రెండూ ఒకే రకం, మూడు మీటర్లు మించని కేబుళ్లు తీసుకుంటే ఈ తలనొప్పి ఉండదు.

మూడు టీవీలూ ఒకే మోడల్, వీలైతే ఒకే రోజు కొన్నవి కావాలి. ఇంట్లో ఉన్న ఒక టీవీకి కొత్తవి రెండు జతచేస్తే ఆకాశం రెండు రంగుల్లో కనబడుతుంది, ఎంత సరిచేసినా. ప్రతి టీవీలో గేమ్ మోడ్ పెట్టాలి. బొమ్మ అంచులు కోసే ఓవర్‌స్కాన్ తీసేయాలి. కదలికను నున్నగా చేసే సెట్టింగు ఆపాలి. అది ఉంటే యోక్ తిప్పిన తర్వాత తెర కదలడానికి కంటికి తెలిసేంత ఆలస్యం అవుతుంది.

టీవీ ఆపగానే విండోస్ ఆ తెర లేదనుకుని కిటికీలన్నీ పక్క తెరలో కుప్ప పోస్తుంది. టీవీలు ముందు, కంప్యూటర్ తర్వాత వేయడం. ఆపేటప్పుడు కంప్యూటర్ ముందు, టీవీలు తర్వాత. ఇంతే వైద్యం.

పరికరాల తెర

నాలుగు తెరల వరకే నడపడం మామూలు కార్డుల హద్దు. మూడు దృశ్యానికి పోతే పరికరాలకు మిగిలేది ఒక్కటి. ఐదోది కావాలని యూఎస్‌బీ డిస్‌ప్లే అడాప్టర్ తగిలిస్తే బొమ్మను కుదించే పని మళ్లీ ప్రాసెసర్ మీదే పడుతుంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, పరికరాల కోసం దృశ్యం వేగం పోతుంది. కాక్‌పిట్‌లోని తెరను బయటికి లాగి వేరే మానిటర్ మీద పెట్టినా సిమ్యులేటర్ దాన్ని అదనంగా గీయాల్సిందే.

మెరుగైన దారి నెట్‌వర్క్. ఎయిర్ మేనేజర్ వంటి సాఫ్ట్‌వేర్‌ను పాత ల్యాప్‌టాప్ మీదో రాస్ప్‌బెర్రీ పై మీదో నడిపి, విమానం వేగం, ఎత్తు వంటి అంకెలను మాత్రం కేబుల్ ద్వారా పంపితే పరికరాలను ఆ రెండో యంత్రమే గీసుకుంటుంది. చిన్న విమానాల్లో ఉండే గార్మిన్ జీ1000 పరికరాల తెర అసలు సైజు 10.4 అంగుళాలు, 1024×768. కాబట్టి 4:3 నిష్పత్తి ఉన్న పాత ఎల్‌సీడీ తెరలు ఇక్కడ బాగా అమరుతాయి. దృశ్యానికి పనికిరాదని అటకెక్కించిన మానిటర్‌కు ఇంతకన్నా మంచి ఉద్యోగం దొరకదు.

చేతికి తగిలే భాగాలు

యోక్ కొనేటప్పుడు చూడాల్సింది ఎన్ని డిగ్రీలు తిరుగుతుందన్నది. హనీకోంబ్ ఆల్ఫా మొత్తం 180 డిగ్రీలు తిరుగుతుంది, లాజిటెక్ పాత యోక్ దానిలో సగమే. తక్కువ తిరిగే యోక్‌తో చిన్న కదలికకే విమానం ఎక్కువ వాలుతుంది. దాన్ని సెట్టింగుల్లో మెత్తబరచవచ్చు గానీ చేతికి ఆ అలవాటు రాదు.

సొంతంగా త్రాటిల్ (ఇంజిన్ శక్తి మీట), ట్రిమ్ చక్రం, స్విచ్ పలకలు చేసుకునేవారికి ఆర్డ్వినో మెగా 2560 అనే చిన్న కంట్రోల్ బోర్డు, స్విచ్‌లను సిమ్యులేటర్‌కు కలిపే ఉచిత సాఫ్ట్‌వేర్ మొబిఫ్లైట్ ఉంటే సరిపోతుంది. బోర్డులో 54 డిజిటల్, 16 అనలాగ్ కాళ్లు ఉంటాయి. మామూలు స్విచ్‌కు ఒక కాలు, ఆగకుండా తిరిగే గుండీకి (ఎన్‌కోడర్) రెండు, నొక్కే గుణం ఉంటే మూడు. రేడియో అంకెలకు మ్యాక్స్7219 చిప్ వాడితే మూడు కాళ్లతో ఎనిమిది అంకెలు వెలుగుతాయి.

తప్పులు ఎక్కడ జరుగుతాయంటే, మొదటిది వాల్యూమ్ కంట్రోల్. టీవీ, రేడియో రిపేరు సామాన్ల దుకాణంలో అడిగితే ఇచ్చే పొటెన్షియోమీటర్ లాగ్ రకం (తిప్పుడుకు సమంగా మారనిది) కావచ్చు. దాని మీద ఏ10కే అని ఉంటుంది. త్రాటిల్‌కు సమంగా మారే బీ10కే కావాలి. లాగ్ రకం పెడితే త్రాటిల్ సగం దాకా ఏమీ జరగక, తర్వాత ఇంజిన్ ఒక్కసారి అరుస్తుంది. రెండోది తిరిగే మేర. 300 డిగ్రీలు తిరిగే దాన్ని త్రాటిల్ మీట 60 డిగ్రీలే తిప్పితే బోర్డు కొలిచే 1024 మెట్లలో 205 మాత్రమే వాడుకలోకి వస్తాయి. చిన్న పళ్ల చక్రం పెట్టి తిప్పుడు పెంచాలి, లేదా హాల్ సెన్సర్‌కు మారాలి. సముద్రం దగ్గరి ఊళ్లలో రెండోదే మేలు. అయస్కాంతం మీద నడిచే సెన్సర్‌లో రాసుకునే భాగం ఉండదు, ఉప్పు తేమకు గీతలు పడవు.

మూడోది ఎన్‌కోడర్. ఒక్క టిక్కుకు రేడియో ఫ్రీక్వెన్సీ రెండు మెట్లు గెంతినా, రెండు టిక్కులకు ఒక మెట్టు కదిలినా పరికరం పాడైపోలేదు, మొబిఫ్లైట్‌లో ఎన్‌కోడర్ రకం తప్పుగా ఎంచారు. నాలుగోది కరెంటు. ఒక్కో కాలు నుంచి 20 మిల్లీ ఆంపియర్లకు మించి లాగకూడదు, కాబట్టి ప్రతి ఎల్‌ఈడీకీ 220 నుంచి 330 ఓమ్‌ల రెసిస్టర్ ఉండాలి. పలక నిండా దీపాలుంటే వేరే 5 వోల్టుల సప్లై పెట్టి, దాని గ్రౌండ్‌ను బోర్డు గ్రౌండ్‌తో కలపాలి. ఈ కలపడం మరిచిపోతే అంకెలు పిచ్చిపట్టినట్టు మారతాయి.

ఇవన్నీ చేరాక యూఎస్‌బీ రంధ్రాలు చాలవు. అడాప్టర్‌తో నడిచే హబ్ కావాలి, ఎందుకంటే యూఎస్‌బీ 2 రంధ్రం 500 మిల్లీ ఆంపియర్ల దాకానే ఇస్తుంది. పవర్ సెట్టింగుల్లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపకపోతే, అరగంట కదపని రడ్డర్ పెడళ్లు ల్యాండింగ్ వేళకు నిద్రపోయి ఉంటాయి.

గదీ, ఫ్రేమూ

మూడు 43 అంగుళాల తెరలు 62.5 డిగ్రీల చొప్పున తిరిగి ఉంటే మొత్తం వెడల్పు 187 సెం.మీ. వస్తుంది. పక్క తెరలు 86 సెం.మీ. ముందుకు వచ్చి, చివరలు దాదాపు కంటి వరుసలో ఆగుతాయి. వెనక వైర్ల కోసం 40, కంటి దాకా 80, కుర్చీకీ మనిషి ఎక్కి దిగడానికీ 90. మొత్తం 210 సెం.మీ., అంటే ఏడు అడుగులు. పది పన్నెండు అడుగుల గదిలో హాయిగా పడుతుంది. ఎనిమిది అడుగుల గదిలో పట్టినా ఇరుకు, అక్కడ 32 అంగుళాలకు దిగి, కన్నును 60 సెం.మీ.కు తేవచ్చు. కోణం అదే 61 డిగ్రీలు వస్తుంది.

ఫ్రేముకు ఆన్‌లైన్‌లో అమ్మే అల్యూమినియం ప్రొఫైళ్లు అందంగా ఉంటాయి. విజయనగరం, శ్రీకాకుళంలో ఏ వెల్డింగ్ షాపులోనైనా దొరికే 40×40 మి.మీ., 2 మి.మీ. మందం చదరపు ఇనుప గొట్టం కూడా ఆ పని చేస్తుంది. మీటరుకు 2.3 కిలోలు. 18 మీటర్లు పడితే 41 కిలోలు. ఇనుముతో వచ్చే చిక్కు బరువు కాదు, సర్దుబాటు. వెల్డర్‌కు గుండ్రటి బెజ్జాలు చెప్తే తర్వాత అర సెంటీమీటరు కూడా జరగదు. టీవీ బ్రాకెట్లు పట్టే చోట 50 మి.మీ. పొడవాటి బెజ్జాలు కోయించాలి. ముందు చుక్కలుగా అతికించి, మూల నుంచి మూలకు రెండు వైపులా కొలిచి, సమానమయ్యాకే పూర్తి వెల్డింగ్. లేకపోతే వేడికి ఫ్రేము మెలిపడుతుంది. రెడ్ ఆక్సైడ్ రెండు పూతలు, గొట్టాల నోళ్లకు మూతలు. కర్ర బల్లకు ఐఎస్ 710 ముద్ర ఉన్న 18 మి.మీ. ప్లైవుడ్ వాడాలి. పార్టికల్ బోర్డు ఒక వానాకాలం దాటేసరికి స్క్రూల దగ్గర ఉబ్బి, యోక్ బిగింపు ఊగడం మొదలవుతుంది.

తెరల ఫ్రేమునూ కుర్చీ, పెడళ్ల ఫ్రేమునూ కలపకపోవడం మంచిది. కలిపితే కాలు నొక్కిన ప్రతిసారీ ఆకాశం కదులుతుంది.

కరెంటు, ఉప్పు గాలి

కంప్యూటర్ 450 వాట్లు, మూడు టీవీలు 210, చిల్లర పరికరాలు 40 అనుకుంటే మొత్తం 700 వాట్లు. దుకాణాల్లో ఎక్కువగా దొరికే 1100 వీఏ యూపీఎస్ నిజానికి ఇచ్చేది 660 వాట్లు. వీఏను వాట్లుగా చదవడం వల్ల జరిగే పొరపాటు ఇది. కంప్యూటర్, నడిమి టీవీ, ఇంటర్నెట్ పెట్టె యూపీఎస్ మీద ఉంచి, పక్క టీవీలను ఇంటి ఇన్వర్టర్‌కు వదిలేయవచ్చు. ఇన్వర్టర్ మీదే అంతా నడపాలంటే అది సైన్ వేవ్ రకం కావాలి, వెనక ఉండే మీట యూపీఎస్ మోడ్‌లో ఉండాలి. కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్ (లోపలి పవర్ సప్లై) కరెంటు లేకుండా సుమారు 16 మిల్లీసెకన్లు ఓర్చుకోగలదు. మామూలు మోడ్‌లో ఇన్వర్టర్ మారడానికి అంతకన్నా ఎక్కువ పడుతుంది.

రోజుకు రెండు గంటలు ఎగిరితే నెలకు 42 యూనిట్లు. మూసిన గదిలో 700 వాట్లంటే ఒక హీటరు వెలిగించినట్టే కాబట్టి ఉక్కపోత నెలల్లో టన్ను ఏసీ తప్పదు, దానికి ఇంకో 60. మొత్తం నూరు దాటే ఈ యూనిట్లు ఇంటి వాడకం మీద చేరి శ్లాబును పైకి నెడతాయి.

ఎర్తింగ్ గురించి ఎవరూ అడగరు, పోర్టు కాలాకే గుర్తొస్తుంది. ఎర్త్ సరిగా లేని ఇంట్లో కంప్యూటర్ డబ్బాను తాకితే వేళ్లు జివ్వుమంటాయి. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ వల్ల డబ్బా మీద సగం వోల్టేజీ తేలుతుంటుంది. డిష్ కేబుల్ తగిలించిన టీవీకి ఆ స్థితిలో హెచ్‌డీఎంఐ గుచ్చితే ఆ తేడా అంతా పోర్టు గుండా పోతుంది. టీవీకో కార్డుకో చావు. కేబుళ్లు గుచ్చేటప్పుడు అన్నీ ప్లగ్గుల నుంచి తీసేయాలి. మల్టీమీటర్‌తో ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య 230 దగ్గరగా, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టుల లోపు ఉందో లేదో చూడాలి.

భోగాపురం నుంచి కళింగపట్నం, భావనపాడు దాకా తీరం వెంట ఇళ్లలో ఉప్పు తేమ కనెక్టర్ల బంగారు పూత లేని చోటల్లా పచ్చగా పడుతుంది. స్విచ్ అప్పుడప్పుడు పనిచేయకపోవడం దాని మొదటి లక్షణం. కాంటాక్ట్ క్లీనర్, పలకల లోపల సిలికా జెల్ పొట్లాలు, పైన గుడ్డ కప్పు. వాడకపోయినా వారానికి అరగంట నడిపితే లోపలి వేడికి తేమ పోతుంది. ఎస్‌ఎంపీఎస్‌లోకి దూరే బల్లులకు సన్న జాలీ ఒక్కటే జవాబు.

ఇంటర్నెట్ ఆగితే నేల మాయం

మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2024 నేల బొమ్మలను ఎగురుతుండగానే తెచ్చుకుంటుంది. కనీసం 10 ఎంబీపీఎస్, మంచి అనుభవానికి 50 అడుగుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ, 2021 సెప్టెంబరులో గులాబ్ తీరం దాటిన జిల్లాల్లో తీగలన్నీ ఎప్పుడూ నిలబడి ఉంటాయనుకోలేం. ఎక్స్-ప్లేన్ అంతా డిస్కు మీదే ఉంచుకుంటుంది, కరెంటు ఉంటే చాలు. దానికి ఉపగ్రహ చిత్రాల నేల కావాలంటే ఆర్థో4ఎక్స్‌పీ అనే సాఫ్ట్‌వేర్‌తో ఒక్కో డిగ్రీ అక్షాంశ రేఖాంశాల గళ్లు తయారు చేసుకోవాలి. విజయనగరం, శ్రీకాకుళం పట్టణాలు, భోగాపురం ఊరు మూడూ 18 ఉత్తరం, 83 తూర్పు గడిలో పడతాయి. విశాఖ విమానాశ్రయానికి 17–83. కళింగపట్నం, పలాస, మహేంద్రగిరి కోసం 18–84. మూడు గళ్లతో ఉత్తరాంధ్ర తీరంలో చాలాభాగం ఇంట్లో ఉన్నట్టే. జూమ్ ఒక మెట్టు పెంచితే చిత్రాల బరువు నాలుగింతలవుతుంది, కాబట్టి మొదట 16 దగ్గర ఆగడం తెలివి.

భోగాపురం రన్‌వే సిమ్యులేటర్‌లో లేక పొలాలు కనబడితే కంగారు పడనక్కర్లేదు. నావిగేషన్ సమాచారం 28 రోజులకోసారి మారుతుంది. నేల చిత్రం మాత్రం ఉపగ్రహం ఎప్పుడు తీసిందో అప్పటిదే. ఈ రెండూ వేర్వేరు గడియారాలు. ఎక్స్-ప్లేన్ కోసం విడిగా ఉచితంగా దొరికే వరల్డ్ ఎడిటర్‌లో 3,800 మీటర్ల పట్టీని ఎవరైనా గీసుకోవచ్చు.

చివరి పరీక్ష

అన్నీ బిగించాక అమరిక సరిగా ఉందో లేదో నేలకు సమాంతరంగా ఎగురుతూ చూస్తే తెలియదు. అప్పుడు దిగంతం మూడు తెరల నడిమి నుంచీ పోతుంది కాబట్టి కోణాలు ఎంత తప్పున్నా గీత తిన్నగానే ఉంటుంది. విశాఖలో లేచి, తీరం వెంట భోగాపురం వైపు తిరిగి, సముద్రం మీద 30 డిగ్రీలు వాల్చి, ముక్కు పది డిగ్రీలు ఎత్తాలి. ఇప్పుడు తెరల అంచుల దగ్గర గీత మెట్టులా తెగితే తిప్పిన కోణం తప్పు. మోకాలిలా వంగితే దృశ్య కోణం తప్పు, లేదా కుర్చీ కొలిచిన చోటు నుంచి జరిగింది. టేపు తీసి కంటి దూరం మళ్లీ కొలవడమే మొదటి పని, అంకెలు మార్చడం తర్వాత.

అంతా సరిపోయాక కుర్చీలో ఉన్నవారికి గీత ఒకటే. వెనక నిలబడి చూసే ఇంటివాళ్లకు మాత్రం రెండు చోట్ల విరిగినట్టే కనబడుతుంది. బొమ్మ లెక్క కట్టింది ఒక్క జత కళ్లకే. వెనకవాళ్లకు కూడా తిన్నగా కనబడుతోందంటే, కూర్చున్నవారికి ఎక్కడో తేడా ఉన్నట్టు.